స్లివర్ రాణిని మళ్లీ అచ్చు వేయండి: విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ సంస్థకు బహిరంగ లేఖ

వాషింగ్టన్ రాష్ట్రం రెంటన్‌లోని విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ సంస్థ బాధ్యులకు,

నమస్కారం.

మీ కార్యాలయం ఉన్న రెంటన్‌కు మా ఇల్లు ఉన్న బోథెల్ దూరమేమీ కాదు. రోడ్డు ఖాళీగా ఉంటే కారులో అరగంట. అయినా ఈ విన్నపాన్ని మీ గుమ్మంలో ఇచ్చి రాకుండా నా భాషలో, పదిమంది ముందు పెడుతున్నాను. ఇది నా ఒక్కడి కోరిక కాదు కనుక. ఇక్కడ సియాటెల్ చుట్టుపక్కల, అటు డల్లాస్‌లో, హైదరాబాదులో 'మ్యాజిక్: ద గ్యాదరింగ్' అనే కార్డుల ఆట ఆడే తెలుగువాళ్లు నాకు తెలిసినవాళ్లే కొందరున్నారు. వాళ్లలో స్లివర్లు అనే జీవుల కార్డులతో డెక్ (ఆడటానికి కూర్చుకున్న కార్డుల కట్ట) కట్టుకున్న ఎవరి పెట్టె తెరిచి చూసినా లోటు ఒకటే కనిపిస్తుంది.

అడిగేదీ ఒకటే. 1998లో స్ట్రాంగ్‌హోల్డ్ అనే సెట్‌లో (ఒకసారిగా విడుదల చేసే కార్డుల సముదాయంలో) 'స్లివర్ క్వీన్' పేరుతో మీరిచ్చిన కార్డును, మేము స్లివర్ రాణి అని పిలుచుకునే ఆ తల్లిని, మళ్లీ అచ్చు వేయండి.

ఈ ఆట తెలియని పాఠకుల కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. 1993లో రిచర్డ్ గార్ఫీల్డ్ రూపొందించిన ఆట ఇది. ఆటగాళ్లు మాంత్రికులు. తెలుపు, నీలం, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ అని మానాకు అయిదు రంగులు. మానా అంటే మంత్రానికి చెల్లించే శక్తి. నేల కార్డుల నుంచి మానా తీసి, దానితో జీవులను రంగంలోకి దింపి, ఎదుటివారి 20 ప్రాణాలను సున్నాకు తేవాలి. దేవదూతలు, డ్రాగన్లు, గోబ్లిన్లు, ఇలా ఎన్నో వంశాలున్నాయి. నా మనసు మాత్రం స్లివర్ల దగ్గరే ఆగిపోయింది.

1997 అక్టోబరులో వచ్చిన టెంపెస్ట్ సెట్‌తో ఈ కుటుంబం పుట్టింది. దీన్ని ఊహించినవారు మైక్ ఎలియట్. కొక్కెం లాంటి తల, పాము లాంటి ఒళ్లు, ఒంటి చెయ్యి, దాని చివర ఒకే గోరు. విడివిడిగా చూస్తే ఏ స్లివరూ చెప్పుకోదగ్గ జీవి కాదు. కానీ ప్రతి స్లివరూ తనకు వచ్చిన ఒక్క విద్యను దాచుకోకుండా తన జాతి మొత్తానికి పంచేస్తుంది.

బల్ల మీద ఎలా ఉంటుందో చెప్తాను. నా దగ్గర మెటాలిక్ స్లివర్ ఒకటి ఉందనుకోండి. బలం 1, ఓర్పు 1. దాన్ని చూసి ఎవరూ భయపడరు. పక్కన మజిల్ స్లివర్‌ను దింపుతాను. అదీ 1/1 జీవే కానీ స్లివర్లన్నిటికీ ఒక్కో మెట్టు బలమూ ఓర్పూ పెంచుతుంది, రెండూ 2/2 అవుతాయి. తర్వాత వింగ్డ్ స్లివర్ వస్తుంది. దానికి రెక్కలున్నాయి, అందుకని ఇప్పుడు మూడూ ఎగురుతాయి. ఆ తర్వాత క్రిస్టలైన్ స్లివర్. ఇక ఎదుటివారు ఏ ఒక్క స్లివర్‌నూ గురిపెట్టి మంత్రం వేయలేరు. నాలుగు చిన్న కార్డులతో ఒక దండు తయారైంది. చలిచీమల చేత చిక్కిన పాము సంగతి చిన్నప్పుడు బడిలో నేర్చుకున్నవాళ్లకు ఈ ఆట కొత్తగా అనిపించదు. నాకు అనిపించలేదు.

ఇంకో ముచ్చట కూడా ఉంది. మొదటి స్లివర్ల మీద 'నీ స్లివర్లు' అని ఉండేది కాదు, 'స్లివర్లన్నీ' అని ఉండేది. ఎదుటివారి దగ్గర కూడా స్లివర్లుంటే నా రెక్కలు వాళ్లకూ వస్తాయి, వాళ్ల బలం నాకూ వస్తుంది. శత్రుపక్షంలో ఉన్నా జాతి జాతే. అలాంటి ఆటలో ఒక్కో కార్డు దింపే ముందు ఎంత ఆలోచించాలో! 2013లో ఆ మాటను 'నీ అధీనంలోని స్లివర్లు' అని మార్చారు. లెక్క తేలికైంది, నిజమే. నాకు ఆ పాత మాటే ఇష్టం.

నేను చదువు కోసం ఈ దేశం వచ్చింది 2003 జనవరిలో. ఫిబ్రవరిలో లీజియన్స్ సెట్ వచ్చింది. అందులో ప్రతి కార్డూ జీవే. అమెరికా మధ్య పశ్చిమ ప్రాంతంలో మంచు కురిసే ఆ ఊళ్లో, పక్క గదిలో ఉండే అమెరికన్ కుర్రాడు ఒక చెప్పుల పెట్టె నిండా కార్డులు తెచ్చి మా వంటగది బల్ల మీద పోశాడు. అతను మాట్లాడే ఇంగ్లిషు నాకు సగమే అర్థమయ్యేది. స్లివర్లు మాత్రం పూర్తిగా అర్థమయ్యాయి. ఆ చలికాలం ఒక గదిలో ఆరుగురం తెలుగు కుర్రాళ్లం ఉన్నాం. ఒకడికి వంట వచ్చు, ఒకడికి కారు నడపడం వచ్చు, ఒకడికి పన్ను కాగితాలు నింపడం వచ్చు. ఒక్కడికి వచ్చింది ఆరుగురికీ వచ్చినట్టే బతికాం. స్లివర్లు నాకు ఎందుకు దగ్గరయ్యాయో వేరే చెప్పనవసరం లేదనుకుంటాను.

లీజియన్స్ నాటి స్లివర్ల వెనక మీరు చెప్పిన కథను ఇప్పుడు మీకే గుర్తు చేస్తున్నాను. మొదటి స్లివర్లు రాత్ అనే లోకంలో ఉండేవి. వాటికి ఒక రాణి ఉండేది. రాత్ పోయింది, వాటి కథ ముగిసింది. ఎన్నో ఏళ్లకు ఒటారియా ఖండంలో రిప్‌టైడ్ ప్రయోగశాల మాంత్రికులు రాళ్లలో మిగిలిన ఆనవాళ్ల నుంచి స్లివర్లను తిరిగి పుట్టించారు. జాతిని పుట్టించారు కానీ రాణిని పుట్టించలేదు. నడిపించే తల్లి లేక ఆ దండు అదుపు తప్పింది. ఇది మీరు రాసిన కథే. ఇప్పుడు మా ఇళ్లలోని స్లివర్ల పెట్టెలు చూస్తే అదే కథ నిజమైందనిపిస్తుంది.

రాణి కార్డు సంగతి చెప్తాను. అయిదు రంగుల మానా ఒక్కొక్కటి చెల్లిస్తే వస్తుంది, బలం 7, ఓర్పు 7. వచ్చాక, రెండు మానా ఇచ్చినప్పుడల్లా ఒక చిన్న రంగులేని స్లివర్‌ను కంటుంది. ఎన్నిసార్లు ఇస్తే అన్నిసార్లు. రాన్ స్పెన్సర్ గీసిన బొమ్మ. దాని కింద ఇంగ్లిషులో ఒకే వాక్యం. ఆమె బిడ్డలు ఎప్పటికీ ఆమెలో భాగమేనని దాని భావం. మీ కార్డుల మీద పేజీలకు పేజీలు చదివాను. అంత చిన్న మాటలో ఒక జాతి మొత్తం ఒదిగిన కార్డు నాకు ఇంకొకటి కనిపించలేదు.

ఆట తెలిసినవాళ్లు ఆమెను ఇంకో కారణానికీ గుర్తుపెట్టుకుంటారు. మానా ఎకోస్ అనే కార్డు పక్కన ఉంటే ఒక జీవి రంగంలోకి రాగానే, దాని జాతివి మన దగ్గర ఎన్ని ఉంటే అంత మానా వస్తుంది. రాణి రెండు మానాకు ఒక బిడ్డను కంటుంది. ఇప్పుడు రాణి, బిడ్డ కలిపి రెండు స్లివర్లు, కాబట్టి రెండు మానా తిరిగి చేతికొచ్చింది. దాంతో ఇంకో బిడ్డ, ఈసారి మూడు మానా. ఇక అంతు ఉండదు. మా అమ్మాయి ఈ లెక్కను తొమ్మిదేళ్ల వయసులో తనంతట తానే కనిపెట్టి, రాత్రి పదింటికి నన్ను నిద్ర లేపి చెప్పింది. రాణి కార్డు అప్పటికి తను ఫోనులో బొమ్మగా చూసిందే తప్ప ఎప్పుడూ పట్టుకోలేదు.

ఎందుకు పట్టుకోలేదో మీకు తెలుసు. రిజర్వ్‌డ్ లిస్ట్.

ఆ జాబితా ఎలా పుట్టిందో నాకు తెలుసు, దాన్ని తేలికగా తీసిపారేయను. 1995లో మీరు క్రానికల్స్ పేరుతో అరేబియన్ నైట్స్, లెజెండ్స్ వంటి పాత సెట్ల కార్డులను తిరిగి అచ్చు వేశారు. వాటిని డబ్బు పోసి కొని దాచుకున్న సేకర్తలకు, దుకాణాల వారికి కడుపు మండింది. నమ్మకం పోతే ఆటే ఉండదని 1996 మార్చిలో మీరొక మాట ఇచ్చారు. ఫలానా కార్డులను ఇక ఎప్పటికీ ఆ రూపంలో తిరిగి అచ్చు వేయబోమని. ఆ కార్డుల పట్టికే రిజర్వ్‌డ్ లిస్ట్. అప్పుడు ఆటకు మూడేళ్లు కూడా నిండలేదు. ఆ రోజు ఆ మాట అవసరమే. ఇచ్చిన మాట మీద నిలబడాలని మా ఇళ్లలోనూ చెప్పే పెంచుతారు.

స్లివర్ రాణి ఆ మాట ఇచ్చాక రెండేళ్లకు పుట్టింది. మాక్స్ డైమండ్, వాల్రాత్స్ స్ట్రాంగ్‌హోల్డ్ వంటి తన సెట్ కార్డులతో పాటు ఆమె కూడా జాబితాలోకి వెళ్లింది. 1999 చివర వచ్చిన మెర్కేడియన్ మాస్క్స్ నుంచి మాత్రం ఒక్క కార్డు కూడా జాబితాలోకి చేరలేదు. అంటే ఆమె రెండేళ్లు ఆలస్యంగా పుట్టి ఉంటే ఈ లేఖ అవసరమే ఉండేది కాదు. చెల్లెళ్లు అందరూ అలా ఆలస్యంగా పుట్టినవాళ్లే. 2003లో స్లివర్ ఓవర్‌లార్డ్, 2007లో స్లివర్ లీజియన్, 2014లో స్లివర్ హైవ్‌లార్డ్, 2019లో ద ఫస్ట్ స్లివర్. వీళ్లందరినీ 2023 ఆగస్టులో కమాండర్ మాస్టర్స్ సెట్‌లో మళ్లీ ఇచ్చారు. అదే నెలలో స్లివర్ల కోసం సిద్ధంగా కట్టిన డెక్ కూడా తెచ్చారు. దానికి నాయకురాలు స్లివర్ గ్రేవ్‌మదర్. ఒకే పేరున్న మహా జీవిని రెండోసారి పక్కన ఉంచకూడదనే నియమం ఆమె ఉండగా స్లివర్లకు వర్తించదు. వంశంలోని పెద్దలు ఒక్కొక్కరు ఇద్దరు ముగ్గురుగా కూడా బల్ల చుట్టూ చేరవచ్చు. పెళ్లి పందిరి వేసి, అందరినీ పిలిచి, ఇంటి పెద్దను మాత్రం ఊరి బయట నిలబెట్టినట్టు ఉంది నాకు.

దానికి ముందు ఇంకో అవకాశం వచ్చిపోయింది. 2009 నవంబరులో ప్రీమియం డెక్ సిరీస్‌లో మొదటి డెక్‌గా స్లివర్లనే ఎంచుకున్నారు. 60 కార్డులూ మెరుపు ఫాయిల్‌లోనే. ఫాయిల్ వంటి ప్రత్యేక ముద్రణలకు జాబితా నుంచి మినహాయింపు ఉన్న రోజులవి. ఆ డెక్‌కు ముందు నిలిచింది ఓవర్‌లార్డ్. రాణి లేదు. నాలుగు నెలలు తిరగకుండా 2010 మార్చిలో ఆ మినహాయింపునూ తీసేశారు. ఆ డెక్ నా దగ్గర ఇప్పటికీ ఉంది. పెట్టె మూత తీసిన ప్రతిసారీ ఈ సంగతే గుర్తొస్తుంది.

ఇప్పుడు నా ఇంట్లో జరిగినదొకటి చెప్పాలి.

పోయిన ఏడాది మా అమ్మాయికి 14 ఏళ్లు నిండాయి. పుట్టినరోజుకు ఏం కావాలంటే రాణి కావాలంది. ఇప్పుడు ఆ ఒక్క కాగితం ధర వంద డాలర్లు దాటి చాలా కాలమైంది. సరే అనుకుని, తను దాచుకున్న డబ్బుకు నేను కొంత కలిపి, ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర కొన్నాను. కార్డు వచ్చింది. గట్టి ప్లాస్టిక్ తొడుగులో, పత్తి మీద పెట్టి పంపారు. మా అమ్మాయి దాన్ని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత, "నాన్నా, తాతయ్య భూతద్దం ఇస్తావా?" అంది.

మా నాన్నగారు గడియారాలు బాగుచేసేవారు. ఆయన కంటికి పెట్టుకునే చిన్న భూతద్దం నా బల్ల సొరుగులో ఉంటుంది. మా అమ్మాయి కార్డు తిప్పి, వెనక వైపున్న అయిదు రంగుల చుక్కల్లో ఆకుపచ్చ చుక్క మీద దాన్ని ఆనించింది. అసలు కార్డు అయితే ఆ పచ్చదనంలో ఒక మూల నాలుగు ఎర్రటి నలుసులు వంపు తిరిగి కనిపించాలి. కనిపించలేదు. ముందు వైపు అక్షరాలు చూసింది. అసలు కార్డులో నల్లటి అక్షరం నిండుగా, అంచు పదునుగా ఉంటుంది. ఇందులో అక్షరం అంచంతా రంగు రంగుల నలుసులే. మూడో పరీక్ష అక్కరలేకపోయింది. భూతద్దం తీసి బల్ల మీద పెట్టి, "ఇది మెటాలిక్ స్లివర్, నాన్నా" అంది.

మీకు అర్థమై ఉంటుంది. మిగిలిన పాఠకుల కోసం చెప్తాను. మెటాలిక్ స్లివర్ నిజం స్లివర్ కాదు. వాల్రాత్ అనే దుష్టుడు లోహంతో చేసి స్లివర్ల పుట్టలోకి పంపిన నకిలీ. దానికి పంచడానికి ఏ విద్యా లేదు. అయినా పుట్ట దాన్ని తనదే అనుకుని లోపలికి రానిచ్చింది. 1997లో మీరు కథగా రాసిన ఆ నకిలీ నా వంటగదిలో నా బిడ్డ చేతిలో పడింది.

అమ్మినవాడిది మోసం. అది వాడి తప్పే, మీది కాదు. డబ్బు కూడా కొన్నాళ్లకు తిరిగి వచ్చింది. కానీ ఈ మోసానికి నేల ఎక్కడ దొరికిందో మీరు ఆలోచించాలి. 1998లో ఒక్కసారి అచ్చు వేసి ఆపేసిన కార్డు అది. ఏటా కొన్ని పోతుంటాయి, చిరుగుతుంటాయి, గాజు పెట్టెల్లోకి వెళ్లి తిరిగి రావు. ఆడాలనుకునేవాళ్లు మాత్రం పెరుగుతున్నారు. అసలుది దొరకని చోట నకిలీకి గిరాకీ. నా దగ్గర భూతద్దం ఉంది, నా కూతురికి ఏం చూడాలో తెలుసు. ఆ రెండూ లేని పిల్లలు ఆ కార్డును తొడుగులో పెట్టుకుని, పోటీకి తీసుకెళ్లి, పదిమందిలో తల దించుకుంటారు.

మాట మార్చలేమంటారు. కానీ ఆ మాటను మీరే ఇప్పటికి రెండుసార్లు సవరించారు. 2002లో మొదటి ముద్రణల కామన్, అన్‌కామన్ (అంత అరుదు కాని) కార్డులను జాబితా నుంచి తీసేశారు. 2010లో ఫాయిల్ మినహాయింపును మూసేశారు. ఒకసారి వదులు చేశారు, ఒకసారి బిగించారు. రెండుసార్లూ ఆట మేలుకే అన్నారు. ఇక 2022 నవంబరులో ముప్ఫయ్యో వార్షికోత్సవ ముద్రణ. నాలుగు ప్యాకెట్లు, 60 కార్డులు, 999 డాలర్లు. అందులో బ్లాక్ లోటస్ అనే కార్డుతో సహా జాబితాలోని కార్డులున్నాయి. వెనక వైపు బొమ్మ మార్చారు కనుక పోటీల్లో చెల్లవు, కాబట్టి మాట తప్పలేదన్నారు. అక్షరం ప్రకారం అది నిజమే కావచ్చు. కానీ వెయ్యి డాలర్లు పెట్టగలవాడికి ఆ కార్డుల నీడనైనా అమ్మినవారు, అయిదు డాలర్ల ప్యాకెట్ కొనే పిల్లకు స్లివర్ రాణిని ఇవ్వడానికి మాట అడ్డం వచ్చిందంటే నేను ఒప్పుకోలేను. కంప్యూటర్‌లో ఆడే మ్యాజిక్ ఆన్‌లైన్‌లో రాణి ఉంది. అక్కడ జాబితా వర్తించదు. కాగితం మీదే ఆమెకు చోటు లేదు.

సేకర్తల సంగతి నేను పక్కన పెట్టడం లేదు. నేనూ సేకర్తనే. జాబితాలో ఉన్న కార్డులు కొన్ని నా దగ్గరా ఉన్నాయి. వాటి ధర తగ్గితే తగ్గనివ్వండి, బాధపడను. అయినా పాత ముద్రణ విలువ ఊరికే పోదు. షివన్ డ్రాగన్ అనే కార్డును మీరు ఎన్నిసార్లు తిరిగి అచ్చు వేశారో లెక్క చెప్పడం కష్టం. ఈ రోజు కొత్త ముద్రణ షివన్ డ్రాగన్ చిల్లర డబ్బుకు వస్తుంది. 1993 నాటి ఆల్ఫా (మొట్టమొదటి ముద్రణ) షివన్ డ్రాగన్ మాత్రం వేల డాలర్లు పలుకుతూనే ఉంది. సేకర్త కొనేది ఆ సంవత్సరాన్ని, ఆ నల్లటి అంచును, ఆ మొదటి ముద్రణను. ఆటగాడు కొనేది ఆ కార్డు చేసే పనిని. 1998 నాటి రాణి 1998 నాటి రాణిగానే ఉంటుంది. కొత్త చట్రంలో, కొత్త బొమ్మతో, ముద్రించిన ఏడాది కింద స్పష్టంగా వేసి ఇవ్వండి. ఎవరిది పాతదో ఎవరికీ అనుమానం రాదు.

మీరు వినరని అనుకుంటే ఇంత రాసేవాణ్ణి కాదు. 2013లో స్లివర్ల రూపం మార్చి, వాటికి మనుషుల లాంటి ఒళ్లు, ముఖాలు ఇచ్చారు. ఆ బొమ్మలు చూసి చాలామందిమి నొచ్చుకున్నాం. నేను అప్పుడూ ఒక ఉత్తరం రాశాను. 2019లో మోడర్న్ హొరైజన్స్‌లో ఆ పాత కొక్కెం తల, ఒంటి గోరు తిరిగి వచ్చాయి. నా ఉత్తరం చూశారో లేదో తెలియదు. ఎవరెవరో చెప్పినది విన్నారన్నది మాత్రం కార్డుల మీదే కనిపించింది.

ఇంకొకటి కూడా మీరే చెప్పారు. అధికారిక పోటీలు కాని చోట, అమ్మకానికి కాకుండా సొంతంగా రాసుకున్న కార్డులతో ఆడుకుంటే అభ్యంతరం లేదని 2016లో అన్నారు. ఆ మాట పట్టుకుని మా అమ్మాయి, నకిలీ కార్డు తేలిన ఆ సాయంత్రమే, ఒక మామూలు అడవి కార్డు తీసుకుంది. తెల్ల కాగితం కత్తిరించి దాని మీద అతికించింది. అయిదు రంగుల పెన్సిళ్లతో పైన అయిదు చుక్కలు పెట్టింది. కింద మూల 7/7 అని వేసింది. పేరు రాయాల్సిన చోట ఇంగ్లిషులో కాదు, వాళ్ల నానమ్మ నేర్పిన గుండ్రటి అక్షరాలతో 'రాణి' అని రాసింది. బొమ్మ ఉండాల్సిన చోట ఏమీ గీయలేదు.

ఆ కాగితం ఇప్పటికీ ఆమె డెక్‌లో మొదటి తొడుగులో ఉంది. ఆదివారాలు మా ఇంటి బల్ల మీద ఆడేటప్పుడు దాన్నే ముందు పెట్టి మొదలుపెడుతుంది. ఆ ఊళ్లో ఈ ఊళ్లో జరిగే పోటీలకు వెళ్లే రోజు దాన్ని తీసి పక్కన పెట్టి, వేరే స్లివర్‌ను దాని చోట ఉంచుతుంది. తిరిగి రాగానే మళ్లీ కాగితాన్నే తొడుగులో పెడుతుంది. బొమ్మ కోసం వదిలిన చోటు ఎప్పుడు నింపుతావని పోయిన వారం అడిగాను. వాళ్లు పంపాక, అంది.

ఇట్లు,
ఒక స్లివర్ ఆటగాడు,
బోథెల్, వాషింగ్టన్